రేకుల షెడ్డుకి చారిత్రక హోదా: టెక్సస్‌లో నా అనుభవం

టెక్సస్‌లో శాన్ ఆంటోనియో దాటి ఉత్తరంగా వస్తే కోమాల్ కౌంటీ. అక్కడి పల్లెల్లో రోడ్డు పక్కన పొడవాటి రేకుల షెడ్లు కొన్ని కనిపిస్తాయి. కిటికీలు తక్కువ. ముందు కంకర పోసిన పార్కింగ్, తలుపు పక్కన ఏదో బీరు కంపెనీ బోర్డు. లోపల తొమ్మిది పిన్‌ల బౌలింగ్ ఆడతారు. అలాంటి ఒక షెడ్డుకి చారిత్రక కట్టడం అనే గుర్తింపు తెప్పించే పనిలో నేను చాలాకాలం తలమునకలుగా ఉన్నాను. అది ఎలా జరిగిందో రాయమని మా స్నేహితులు అడుగుతూనే ఉన్నారు. ఆ షెడ్డు నడిపే క్లబ్ పేరు మాత్రం రాయొద్దని సభ్యులు ముందే చెప్పారు, అందుకని రాయడం లేదు.

ముందు ఆట గురించి చెప్పాలి. మాల్స్‌లో మనం చూసే బౌలింగ్ పది పిన్‌లది. ఇది తొమ్మిదింటిది. పిన్‌లని డైమండ్ ఆకారంలో నిలబెడతారు. నట్టనడుమ ఎర్ర పిన్. తొమ్మిదీ పడితే 9 పాయింట్లు. ఎర్రదాన్ని ఒక్కదాన్నీ వదిలేసి చుట్టూ ఉన్న ఎనిమిదీ పడగొడితే 12. అంటే తక్కువ పడగొడితేనే ఎక్కువ పాయింట్లు! జట్టుకి ఆరుగురు, వాళ్లలో ఒకరు కెప్టెన్. ఒకరు వేశాక మిగిలిన పిన్‌లు అలాగే ఉంటాయి, తర్వాతివాళ్లు వాటి మీదే వేయాలి. అన్నీ పడినా, ఎర్రది ఒక్కటే మిగిలినా అప్పుడు మళ్లీ నిలబెడతారు. ఎవరు ఎప్పుడు వేయాలన్నది కెప్టెన్ ఇష్టం. ఎడమ మూల ఒక్క పిన్ మిగిలిందనుకోండి, ఆ మూలకి గురి కుదిరే మనిషిని పిలుస్తాడు. అందుకే ఈ ఆటలో డెబ్బై దాటిన పెద్దావిడ కూడా జట్టుకి కావాలి. బలంగా విసిరే కుర్రాడి కంటే ఆవిడే ఎక్కువ కావాల్సిన సందర్భాలూ ఉంటాయి.

ఇంకో సంగతి. ఇక్కడ పిన్‌లని నిలబెట్టేది మెషిన్ కాదు, మనిషి. బంతి దొర్లే లేన్ చివర గొయ్యి ఉంటుంది, దాని పైన కూర్చోవడానికి ఒక చెక్క. బంతి వస్తుంటే పిన్‌సెట్టర్ కాళ్లు పైకి లాక్కుని ఆ చెక్క మీద కూర్చుంటాడు. దడదడమని పిన్‌లు పడ్డాక కిందికి దూకి, పడినవాటిని పక్కకి తీసి, బంతిని వాలు పట్టాల మీద పెట్టి తోస్తాడు. అది దొర్లుకుంటూ మన దగ్గరికి వచ్చేస్తుంది. ఎక్కువమంది హైస్కూల్ పిల్లలే. ఆటకి ఇంత అని డబ్బులిస్తారు, టిప్పులు వేరే. ఆడేవాళ్లు జోకులు వేసుకుంటూ, బీరు తాగుతూ, సాసేజ్ తింటూ ఉంటారు. అందరికంటే ఎక్కువ ఒళ్లు వంచేది మాత్రం ఆ చివర ఉన్న పిల్లలు.

మేము ఆ దారిలో ఇల్లు కొనుక్కున్నాం. పదుల కొద్దీ ఒకే రకం ఇళ్లు ఉండే కొత్త కాలనీ. మా ఆయన ఆఫీసులో ఒకాయన గురువారం లీగ్‌కి మనిషి తక్కువైతే ఇతన్ని లాక్కెళ్లాడు. తర్వాత నేనూ వెళ్లాను. మా అబ్బాయి పదో తరగతిలో ఉండగా పిన్‌సెట్టర్ అయ్యాడు. వాడు సంపాదించిన మొదటి డబ్బు అదే. ఆ రోజు రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెబితే, నరసరావుపేట నుంచి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఏమే, అమెరికాలో కూడా ఇలాంటి పనులుంటాయటే?"

ఈ ఆట ఇక్కడికి జర్మన్ల వెంట వచ్చింది. జర్మనీ నుంచి వలసదారులని తెచ్చిన ఒక సంఘం తరఫున ప్రిన్స్ కార్ల్ ఆఫ్ సోల్మ్స్-బ్రౌన్‌ఫెల్స్ 1845లో న్యూ బ్రౌన్‌ఫెల్స్ ఊరు పెట్టాడు. చుట్టుపక్కల పొలాల్లో స్థిరపడినవాళ్లు పాటల సంఘాలు, తుపాకి గురి సంఘాలు, బౌలింగ్ సంఘాలు పెట్టుకున్నారు. ఆ రోజుల్లో తొమ్మిది పిన్‌ల ఆట అమెరికా అంతటా ఉండేది. జూదం ఎక్కువైందని తూర్పు రాష్ట్రాలు నిషేధించడం మొదలుపెట్టాయి. 1841లో కనెక్టికట్ చేసిన చట్టం గురించి ఎక్కువగా చెప్పుకుంటారు. నిషేధం తొమ్మిదికే కాబట్టి తెలివైనవాళ్లు పదో పిన్ కలిపేశారని ఒక కథ కూడా ఉంది. అది నిజమైనా కాకపోయినా క్లబ్‌లో ప్రతి కొత్త మనిషికీ చెబుతారు. టెక్సస్ నిషేధించలేదు, పన్ను వేసి ఊరుకుంది. తర్వాత్తర్వాత ఇక్కడ కూడా పది పిన్‌లదే పైచేయి అయింది. 1950ల్లో పిన్‌లు నిలబెట్టే ఆటోమేటిక్ మెషిన్లు వచ్చి మిగిలిన చాలా హాళ్లని మార్చేశాయి. చివరికి ఈ పద్ధతి బెక్సర్, కోమాల్, గ్వాడలూప్ కౌంటీల్లోనూ, పక్కన బ్లాంకో లాంటి ఒకటీ అరా ఊళ్లలోనూ నిలిచింది.

ఆట నిలిచింది గానీ చుట్టూ ఊరు నిలవలేదు. న్యూ బ్రౌన్‌ఫెల్స్ జనాభా 2010లో 57,740. 2020కి 90,403. మా క్లబ్ ముందున్న రెండు వరసల రోడ్డుని వెడల్పు చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. మొదటి మ్యాపులో ఎర్ర గీత మా పార్కింగ్ మొత్తాన్నీ, వరండా స్తంభాలనీ తినేసింది. ట్రాఫిక్ పెరిగింది మా కాలనీ లాంటివాటి వల్లే. మీటింగ్‌లో ఒక పెద్దాయన ఆ మాట నా మొహం మీదే అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు కాబట్టి నాకు కోపం రాలేదు. "అయితే ఆ కాగితాల పనేదో నేను చూస్తాను" అన్నాను. ఆఫీసులో నా పని టెస్టింగ్. పొద్దున లేస్తే ఇతరులు రాసినదాంట్లో లోపాలు వెతకడం, ప్రతిదానికీ రుజువు జత చేయడం. అదే అలవాటు ఇక్కడ పనికొచ్చింది.

అసలు ఏ గుర్తింపు దేనికి పనికొస్తుందో అర్థం కావడానికే చాలా టైమ్ పట్టింది. "హిస్టారికల్" అన్న ఒకే మాట కింద ఇక్కడ మూడు వేర్వేరు విషయాలు ఉన్నాయి.

టెక్సస్‌లో రోడ్ల పక్కన అల్యూమినియం ఫలకాలు బోలెడు కనిపిస్తాయి. "ఇక్కడ ఫలానా స్కూలు ఉండేది" లాంటివి. వాటితో కట్టడానికి ఏ రక్షణా రాదు. చదువుకుని ముందుకు పోవడమే. రెండోది రాష్ట్ర చారిత్రక కమిషన్ ఇచ్చే రికార్డెడ్ టెక్సస్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్ అనే హోదా. కట్టడానికి కనీసం 50 ఏళ్లు ఉండాలి, యజమాని ఒప్పుకోవాలి. ఇది వస్తే బయటి రూపం మార్చే ముందు కమిషన్‌కి 60 రోజుల నోటీసు ఇవ్వాలి. స్థానిక సంస్థలు కావాలనుకుంటే ఆస్తి పన్నులో మినహాయింపు ఇవ్వొచ్చు. మూడోది 1966 చట్టంతో వచ్చిన జాతీయ రిజిస్టర్, అంటే దేశం మొత్తం మీద చారిత్రక స్థలాల జాబితా. పేరు పెద్దది గానీ, సొంత డబ్బుతో యజమాని ఏం చేసుకున్నా అది అడ్డుపడదు. కావాలంటే కూల్చుకోవచ్చు కూడా! ఈ ముక్క చెబితే నమ్మనివాళ్లే ఎక్కువ.

మరి రిజిస్టర్ ఎందుకు? ఫెడరల్ డబ్బు కలిసిన పని వస్తే అప్పుడు పనికొస్తుంది. అదే చట్టంలో సెక్షన్ 106 అని ఉంది. రిజిస్టర్‌లో ఉన్న కట్టడానికి గానీ, అందులో ఎక్కే అర్హత ఉన్నదానికి గానీ ఆ పని వల్ల ఏం నష్టమో ముందే పరిశీలించి, సంబంధించినవాళ్లతో మాట్లాడాలి. మాట్లాడాలి అంటుంది గానీ ఆపాలి అనదు. రోడ్ల విషయంలో దాన్ని మించినది సెక్షన్ 4(ఎఫ్). అదీ 1966 నాటిదే, రవాణా శాఖ చట్టంలోది. సరైన ప్రత్యామ్నాయం ఉన్నంతవరకు చారిత్రక స్థలాన్ని రోడ్డుకి వాడుకోకూడదంటుంది. ఈ రెండిటికీ రిజిస్టర్‌లో పేరు ఎక్కేదాకా ఆగక్కర్లేదు, అర్హత ఉందని తేలితే చాలు. కాబట్టి ముందు అర్హత తేల్చమని రాష్ట్ర కమిషన్‌ని అడగడం, రోడ్డు చర్చల్లో "కన్సల్టింగ్ పార్టీ"గా, అంటే సంప్రదించాల్సిన పక్షంగా, క్లబ్ పేరు పెట్టించుకోవడం, ఆ వెనకే ల్యాండ్‌మార్క్ అప్లికేషన్. ఇదీ మా వరస. ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే నేను మొదట చెప్పేది ఇదే: ప్రమాదం ఎటు నుంచి వస్తోందో చూసుకుని దాన్నిబట్టి హోదా ఎంచుకోండి. మా పక్క కౌంటీలో ఒక డ్యాన్స్ హాలు వాళ్లు ఫలకం పెట్టించుకుని ఇక పర్లేదని నిశ్చింతగా కూర్చున్నారు. పాపం, వాళ్లది ఉత్త ఫలకం.

క్లబ్‌లో ఒప్పించడం ఇంకా కష్టమైంది. టెక్సస్‌లో "మీ ఆస్తి మీద గవర్నమెంట్‌కి చిన్న మాట ఉంటుంది" అంటే చాలు, సగంమంది లేచి నిలబడతారు. ఏసీ మార్చాలన్నా పర్మిషన్ అడగాలా? సెప్టిక్ ట్యాంక్ సంగతేంటి? రేకు ఎగిరిపోతే 60 రోజులు ఆగాలా? (ఆగక్కర్లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు రిపేర్ చేసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు.) ఒకాయన మాత్రం అందరూ అరిచి అలిసిపోయేదాకా ఊరుకుని ఒక ప్రశ్న అడిగాడు. "లోపలి లేన్‌లు పీకేసి మెషిన్లు పెట్టుకుంటే?" దానికి నేను చెప్పిన జవాబు విని గదిలో సద్దు మణిగింది. పెట్టుకోవచ్చు. ల్యాండ్‌మార్క్ హోదా చూసేది బయటి రూపాన్నే. గోడలకి కాపలా ఉంటుంది, ఆటకి ఉండదు.

ఆ రోజు చర్చ అక్కడి నుంచి దారి మళ్లింది. లోపల ఏం నిలబెట్టుకోవాలో మనమే రాసుకుందాం అన్నారు. గొయ్యి, చేత్తో పిన్‌లు నిలబెట్టడం, బంతి వెనక్కి వచ్చే చెక్క పట్టాలు, స్కోరు రాసే నల్లబోర్డు. వీటిలో ఏది మార్చాలన్నా మూడింట రెండొంతుల ఓట్లు కావాలని క్లబ్ నియమావళిలో చేర్చారు. ఆ తర్వాతే అప్లికేషన్‌కి ఓటేశారు. అవునన్నవాళ్లు ఎక్కువే గానీ, కాదన్నవాళ్లతో నేను ఇప్పటికీ ఒకే లీగ్‌లో ఆడుతున్నాను కాబట్టి అంకెలు రాయను.

ఇక రుజువులు. ల్యాండ్‌మార్క్ అప్లికేషన్‌లో వ్యాసం నాలుగు భాగాలుగా అడుగుతారు: నేపథ్యం, చరిత్ర, ప్రాముఖ్యం, ఆధారాలు. మొదటి మూడూ రాయడం తేలికే. నాలుగోదే ఏడిపిస్తుంది. క్లబ్‌లో ఎవరిని అడిగినా "మా తాత కట్టాడు" అంటారు. ఏ తాత, ఏ సంవత్సరం, కాగితం ఏది?

ఫ్లోర్ ప్లాన్ గీయడానికి మా అబ్బాయిని తీసుకుని టేపు పట్టుకుని వెళ్లాను. గొయ్యి వెనక గోడ కొలవాలంటే లోపలికి దిగాల్సిందే. లోపల కొట్టీ కొట్టీ నున్నబడిన పాత రబ్బరు, దుమ్ము, మూలన ఒక చిరిగిన గ్లౌజ్. మా వాడు ఫోన్ లైట్ వేశాడు. కూర్చునే చెక్క వెనక పలకల మీద పెన్సిల్‌తో రాసిన పేర్లు. ఒకదాని మీద ఒకటి, కొన్ని చాకుతో చెక్కినవి. పేరు, పక్కన సంవత్సరం. చాలావాటి కింద గీతల కట్టలు, నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి. ఆ రాత్రి ఎన్ని ఆటలకి నిలబెట్టాడో లెక్క అన్నమాట. డబ్బు ఆటకి ఇంత కదా! 1927 అన్నది అన్నిటికంటే పాతది. యుద్ధం నడిచిన 1943, 44లో కొన్ని ఆడపిల్లల పేర్లు. క్లబ్‌లో ఎవరూ ఆ గోడ గురించి నాకు చెప్పలేదు. దాచి కాదు, చిన్నప్పుడు అక్కడ కూర్చున్నవాళ్లకి అది గోడే, చెప్పేంత విశేషం కాదు. మా వాడు "నా పేరు అటు చివర ఉంది, చూశావా?" అన్నాడు. చూశాను. పక్కన గీతలు కూడా ఉన్నాయి.

ఫోటోలు తీసుకుని సంబరంగా కౌంటీ చారిత్రక కమిషన్ వాలంటీర్‌కి చూపించాను. అప్లికేషన్ ముందు వాళ్ల చేతుల మీదుగానే రాష్ట్రానికి వెళ్లాలి. రిటైరైన టీచర్ ఆవిడ. కళ్లజోడు సర్దుకుని అన్నీ చూసి, "చాలా బాగుంది. కానీ పలక మీద 1927 ఉంటే పలకకి 1927 అని అర్థం. కట్టడానికి కాదు. ఈ పలక ఇంకో హాలు నుంచి తెచ్చి కొట్టి ఉండొచ్చు" అన్నారు. నాకు ఒళ్లు మండింది గానీ, ఆఫీసులో రోజూ నేను ఇతరులతో అనేది కూడా అదే.

దాంతో కౌంటీ క్లర్క్ ఆఫీసు చుట్టూ తిరగడం మొదలు. భూమి ఎవరి దగ్గర కొన్నారో తెలిపే డీడ్ దొరికింది. అందులో భూమి ఉంది, కట్టడం ప్రస్తావన లేదు. ఫైర్ ఇన్సూరెన్స్ కోసం ఊళ్లని ఇల్లిల్లూ గీసిన శాన్‌బోర్న్ మ్యాపులు ఇలాంటి వెతుకులాటల్లో బాగా పనికొస్తాయి. కాకపోతే అవి పట్టణాలకే, మాది పల్లె. వ్యవసాయ శాఖ వాళ్లు 1930ల చివర విమానం నుంచి తీయించిన ఫోటోల్లో ఒకదాంట్లో, రెండు పొలాల మధ్య సన్నటి తెల్లటి నిలువు గీత కనపడింది. షెడ్డు అదే. అంటే అప్పటికి ఉంది. ఎప్పటి నుంచి ఉంది అన్నది మిగిలింది.

అది పేపర్లో దొరికింది. న్యూ బ్రౌన్‌ఫెల్స్‌లో 'నోయ్-బ్రౌన్‌ఫెల్సర్ త్సైటుంగ్' అనే జర్మన్ పత్రిక 1852లో మొదలై 1957 వరకు జర్మన్‌లో వచ్చింది. ఒక చిన్న టెక్సస్ పట్టణంలో ఇంగ్లిష్ కాని భాషలో వందేళ్లు దాటి ఒక పత్రిక నడవడం మామూలు విషయం కాదు. సోఫియన్‌బర్గ్ మ్యూజియం ఆర్కైవ్స్‌లో కూర్చుని పాత సంచికలు తిరగేశాను. నాకు జర్మన్ రాదు, అదీ పాతకాలపు ముళ్లముళ్ల అచ్చు. క్లబ్ పేరు, ఆటకి జర్మన్‌లో వాడే 'కేగెల్' అన్న మాట, ఈ రెండిటి ఆకారాలు కాగితం మీద రాసుకుని వాటి కోసమే వెతికాను. దొరికిన ప్రతి ముక్కా ఫోటో తీసి మా లీగ్‌లోని పెద్దావిడకి పంపేదాన్ని. ఆవిడ ఇంట్లో చిన్నప్పుడు మాట్లాడింది టెక్సస్ జర్మన్. అది మాట్లాడేవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లే మిగిలారు. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ వాళ్లు 2001 నుంచి వాళ్ల గొంతులు రికార్డ్ చేస్తున్నారు. ఆవిడ ఫోన్‌లో ఒక్కో వాక్యం చదివి, మధ్యలో ఆగి, "ఆగమ్మా, ఈయన మా పెద్దనాన్న మామగారు" అని ఆ కుటుంబం సంగతులన్నీ చెప్పేవారు. గంటలు గడిచేవి. హాలు ప్రారంభం సందర్భంగా పందెం ఆట, విందు, డ్యాన్స్ ఉన్నాయని ప్రకటన దొరికిన రోజు ఆవిడే నాకంటే ముందు అరిచారు. గోడ మీది 1927 కంటే అది రెండేళ్లు ముందుది.

క్లబ్ మీటింగుల వివరాలు రాసుకునే మినిట్స్ పుస్తకం సంగతి వేరు. మొదటి కొన్నేళ్లవి జర్మన్‌లో, పాత చేతిరాతలో ఉన్నాయి. జర్మన్ మాట్లాడే ఆవిడే ఆ రాత చదవలేకపోయారు, ఆర్కైవ్స్‌లోని వాలంటీర్ ఒకరు సాయం చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత టెక్సస్‌లో జర్మన్ అంటే పడని రోజులవి. 1919లో అప్పటి గవర్నర్ హాబీ, టెక్సస్ యూనివర్సిటీలోని జర్మన్ విభాగం నిధులనే వీటో చేశాడు. అలాంటి గాలిలో కూడా ఈ రైతులు తమ పుస్తకం జర్మన్‌లోనే రాసుకున్నారు. మొండివాళ్లే! చాలా పేజీల్లో చరిత్ర కంటే బాకీల గొడవలు ఎక్కువ. పిన్‌సెట్టర్లకి ఆటకి ఇచ్చే డబ్బు పెంచాలా వద్దా అన్న చర్చ మాత్రం మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక్కసారీ తేలికగా ఒప్పుకోలేదు.

కట్టడాన్ని చదవడం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. నేల చెక్కలు ఒకచోట అతుకు పడతాయి. అటువైపు రెండు లేన్‌లు పాతవి, ఇటువైపు రెండు తర్వాత కలిపినవి. పైకప్పు దూలాలు కూడా అక్కడే మారతాయి. వీటిని దాచకుండా రాయమని వాలంటీర్ గట్టిగా చెప్పారు. మార్పులు జరగడం నేరం కాదు, ఎప్పుడు ఎందుకు జరిగాయో తెలియకపోవడమే సమస్య. లీగ్ పెరిగి లేన్‌లు సరిపోలేదని మినిట్స్‌లో ఉంది కాబట్టి ఆ అతుకు కూడా మాకు ఆధారమే అయింది. ముందు వరండా 1970లది, అదొక్కటే కొంచెం తలనొప్పి తెచ్చింది.

అప్లికేషన్ ఫీజు మేము కట్టినప్పుడు 100 డాలర్లు. ఫలకం ఖర్చు విడిగా. ఏడాదిలో కొన్ని వారాలే అప్లికేషన్లు తీసుకుంటారు, ఆ గడువు తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. చివరి రోజుల్లో పడ్డ టెన్షన్ చెప్పేది కాదు. ఫోటోల సైజు, సైట్ ప్లాన్, భూమి హద్దుల వివరణ, అన్నీ వాళ్లు అడిగినట్టే ఉండాలి.

ఇక రోడ్డు. బహిరంగ సమావేశం ఒక స్కూల్ కెఫెటేరియాలో పెట్టారు. పెద్ద మ్యాపులు బల్లల మీద పరిచారు. మా తరఫున మేము పెద్ద ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. రిజిస్టర్‌లో చేరే అర్హత ఉందని రాష్ట్ర కమిషన్ రాసిన ఉత్తరం కాపీ, గోడ మీది పేర్ల ఫోటో, విమానం నుంచి తీసిన పాత ఫోటో, ఈ మూడే. ఇంజినీర్లలో ఒకమ్మాయి పేర్ల ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. ఆ ఊళ్లోనే పెరిగిందట, వాళ్ల మావయ్య పేరు వెతుక్కుంటోంది. దాని వల్లే గీత మారిందని నేను అనను. ఎదురుగా ఖాళీ పొలం ఉండటం, చట్టం ప్రత్యామ్నాయం చూడమనడం, ఈ రెండూ కలిశాయి. తర్వాతి మ్యాపులో వెడల్పు అటువైపు జరిగింది. మా పార్కింగ్‌లో ఒక వరస మాత్రం పోయింది. ఆ పొలం యజమాని మాతో ఇప్పటికీ మాట్లాడడు. అతని కోణంలో చూస్తే మాట్లాడకపోవడమే సహజం.

ల్యాండ్‌మార్క్ హోదా వచ్చిందన్న ఉత్తరం అందాక, ఫలకం మీద ఏం రాయాలో కమిషన్ సిబ్బందే మా వ్యాసం చూసి తయారుచేసి పంపారు. తప్పులుంటే చెప్పమన్నారు. వలస, సంఘం పుట్టుక, కట్టడం తీరు, లేన్‌లు పెంచడం, అన్నీ ఉన్నాయి. పిన్‌సెట్టర్లు లేరు. చోటు తక్కువ, అర్థం చేసుకోగలను. కానీ ఈ హాలుని మిగతా బౌలింగ్ హాళ్ల నుంచి వేరుచేసేదే వాళ్లు కదా! వరండా మీద ఉన్న ముక్క తీసేసి ఆ చోట వాళ్లని పెట్టండి అని రాశాం. 'పిన్‌లు నేటికీ చేత్తోనే నిలబెడతారు' అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి చేర్చారు. పేర్ల గోడ ప్రస్తావన పట్టలేదు.

ఇప్పుడు మా దగ్గర అసలు కొరత ఆ పిల్లలదే. కొత్త కాలనీల్లో పిల్లలకి ఈ పని ఉన్నట్టే తెలియదు. తెలిసినా శనివారాలు ట్యూషన్లు, రోబోటిక్స్. తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను: వారానికి ఒక సాయంత్రం, చేతికి డబ్బులు, ఒంటికి వ్యాయామం. ముగ్గురు తల్లులు "సేఫేనా?" అని అడిగారు, ఒకాయన "కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందా?" అన్నాడు. ఇద్దరు పిల్లలు వచ్చారు. ఒకడు మానేశాడు, ఒకమ్మాయి మాత్రం మా వాడి కంటే చురుగ్గా నిలబెడుతోంది.

పైకప్పు రేకులు మార్చాలి, అదొక పెద్ద ఖర్చు. 2015 నుంచి టెక్సస్‌లో చారిత్రక కట్టడాల మరమ్మతు ఖర్చులో 25 శాతం పన్ను క్రెడిట్‌గా ఇస్తున్నారు. లాభాపేక్ష లేని సంస్థలు కూడా తీసుకుని, ఆ క్రెడిట్‌ని వేరే కంపెనీలకి అమ్ముకోవచ్చు. అయితే ఈ డబ్బు తీసుకుంటే లోపలి పనిని కూడా వాళ్లు చూస్తారు. మా నియమావళిలో మేమే రాసుకున్నవాటికి దాంతో ఇంకో కాపలా దొరుకుతుందని ఖజాంచి మురిసిపోతున్నాడు. కాదని ఓటేసిన వర్గం మళ్లీ లేచి నిలబడింది. ఆ మీటింగ్ వచ్చే నెల.

ఫలకం వచ్చింది గానీ ఎక్కడ బిగించాలన్నది తేలడానికి మరో రెండు మీటింగులు పట్టాయి. తలుపుకి ఎడమ పక్కన అయితే అందరికీ కనపడుతుంది. అక్కడ 1960ల నాటి బీరు బోర్డు ఉంది. బోర్డు తీయాలంటే బయటి రూపం మార్చినట్టే, 60 రోజుల నోటీసు ఇవ్వాలని ఒకాయన వాదించాడు. ఈయనే మొదటి మీటింగ్‌లో నోటీసు అన్న మాట వింటేనే మండిపడిన మనిషి. చివరికి ఫలకం కుడి పక్కన పెట్టాం, బోర్డు ఎక్కడిదక్కడే ఉంది.